ఊరికే ఇచ్చిన మందు

సర్కారు ఆసుపత్రిలో నేను మందులిచ్చే కిటికీ దగ్గరికి ఈ ఉదయం పూతలపట్టు నుంచి ఒక ముసలామె, దగ్గుతున్న మొగుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. పోయిన వారం నేనిచ్చిన మాత్రల పొట్లం విప్పకుండా అలాగే తెచ్చింది.

"ఎందుకు ఎయ్యలేదమ్మా?" అని అడిగాను.

"ఊరికే ఇచ్చిన మందు ఒంటికి పట్టదు నాయనా. నువ్వేమన్నా తీసుకో, అప్పుడు ఈయప్పకు ఏస్తాను."

"ఇది సర్కారు మందు. దుడ్డు తీసుకోకూడదమ్మా."

ఆమె కొంగుముడి విప్పి గుప్పెడు శెనక్కాయలు కిటికీలో పెట్టింది. ఒకటి ఒలుచుకొని తిన్నాను. అది చూశాకే పొట్లం విప్పి, మొగుడి చేత మాత్ర మింగించింది.

మా పెద్ద డాక్టరుగారు దీన్ని లంచమంటారేమో. నేను వద్దని ఉంటే ఆ మాత్రలు మళ్లీ అలాగే ఇంటికి పోయేవి. మీరైతే ఏం చేసేవారు?