అత్త దిన్ నంబరు

రెండు వేల ఆరు, ఏడు ఆ ప్రాంతంలో కంపెనీ డైరెక్టర్లందరూ ఆన్‌లైన్‌లో తాము ఫలానా అని నిరూపించుకుని ఒక నంబరు తెచ్చుకోవాలని రూలు వచ్చింది. పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీకి డైరెక్టర్లం ముగ్గురం: నేను, మా మేనత్త, బావ. అత్త మా నాన్న చెల్లెలు. బావేమో, ఆవిడ చనిపోయిన భర్తకి అన్న కొడుకు. ఆవిడకి పిల్లల్లేరు. కంచిలి దగ్గరున్న ఆవిడ జీడితోట తాకట్టు పెడితేనే బ్యాంకు మాకు అప్పిచ్చింది. తోట మీద కంపెనీ ఇంకా అప్పు తేవాలన్నా డైరెక్టరుగా ఆవిడ ఊఁ అనాలి.

నాకు అనుమానం ఎక్కువ. బావ మీద మరీ ఎక్కువ. టెక్కలి ఆడిటరు గారు మా ఇద్దరికీ నంబర్లు తెప్పించి, ఇక అత్తదే మిగిలిందని కబురు పెట్టగానే బావ, "పిన్నికెందుకు బావా ఈ కంప్యూటర్ల గొడవ? ఆవిడ్ని తీసీసి మా ఇంటిదాన్ని పెట్టీద్దాం" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడంటేనే ఎప్పట్నుంచో ఆలోచిస్తున్నాడని అర్థం. ఒళ్ళు మండింది. పైకేమీ అనకుండా బండి తీసి నేరుగా అత్త ఊరెళ్ళాను.

అత్త పెరట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. ఫోటో కావాలన్నాను. పాన్ కార్డు కావాలన్నాను.

"ఏటికిరా ఇవన్నీ?"

"దిన్‌కి అత్తా."

డైరెక్టర్ ఐడెంటిఫికేషన్ నంబరుని పొడి అక్షరాల్లో ఆడిటరు గారూ మేమూ అలాగే పిలిచేవాళ్ళం. అత్త చేతిలో చేట కింద పెట్టేసింది.

"నాకా?"

"నీకే. నాదీ బావదీ అయిపోయాయి. ఇక నీదే మిగిలింది."

"బతికుండగానే నాకు దినం సేసేత్తారేట్రా! ఫోటోకి దండ కూడా తెచ్చీసినావా?"

అప్పుడు వెలిగింది నాకు. నవ్వొచ్చింది గానీ ఆవిడ మొహం చూసి మింగేశాను. వాళ్ళ వీధిలో కిడ్నీ జబ్బుతో ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. దినం భోజనాలకి వెళ్ళీ వెళ్ళీ విసిగిపోయిన మనిషి. పక్కన కూర్చుని, అది చావుకి సంబంధించినది కాదనీ, నంబరు లేకపోతే డైరెక్టరుగా ఉండనివ్వరనీ, ఆ వంకతో బావ ఆవిడ్ని తీసేయాలని చూస్తున్నాడనీ విడమరిచి చెప్పాను.

"ఆడు తీసెత్తానంటన్నాడు, నువ్వు ఉంచుతానంటన్నావు. మరి నీకేటి లాభం?" అంది.

కోపమొచ్చింది. సొంత మేనల్లుణ్ణి తీసుకెళ్ళి బావతో ఒకే గాటన కట్టేసింది! అయినా పలాస వచ్చింది. నెట్ సెంటర్లో నా పక్కనే కుర్చీ వేయించుకుని, నేను నొక్కే ప్రతి మీటనీ కాపలా కాసింది. తెర మీద ఏ గడి వచ్చినా అదేమిటో చదివించుకుంది. తండ్రి పేరు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెళ్ళయిన ఆడదాన్ని మొగుడి పేరడగాలి గానీ తండ్రి పేరడుగుతాడేట్రా ఈడు? ఇందులో ఏదో ఉంది."

రూలు అన్నాను. నమ్మలేదు. వాళ్ళ నాన్న అంటే మా తాతే కదా, ఆ పేరు రాస్తే తోట మా వైపు వచ్చేస్తుందని అనుకుంటోందని నాకు అర్థమైంది. పాన్ కార్డులోనూ అదే పేరు చూపించాక చెయ్యి వదిలింది. నెట్ పోతూ వస్తూ, ఎలాగో చివరికి నంబరు వచ్చింది.

"ఇది నా పేరునే ఉంటాదా?"

"ఉంటుంది."

"మీ బావ పేరుకి మార్సీడానికి అవుతాదేటి?"

"అవదు."

"నీ పేరుకి?"

"నా పేరుకీ అవదు."

"నాను పోనాక?"

"ఎవరికీ రాదత్తా. నీతోనే పోతుంది."

అత్త కొంగు సర్దుకుని లేచింది. "తోట ఎలాగూ మీరిద్దరూ కొట్టుకుని పంచుకుంతారు. ఇదొక్కటీ నాదన్నమాట" అంది.