లైట్లు కుదురుకున్న తర్వాత

మా బావ దమ్మపేటలో కారు కిరాయికి తిప్పేవాడు. డ్యాష్‌బోర్డు మీద లైట్లు మిణుకుమిణుకుమంటే, ఏడ్చే పిల్లను జోకొట్టినట్టు అరచేత్తో దాన్ని మెల్లగా తట్టేవాడు. కొత్త బ్యాటరీ వేయించాడు, సారపాకలో ఎలక్ట్రీషియన్‌కు చూపించాడు. అయినా లైట్లు కుదురుకోలేదు.

నెలలు నిండిన మా అక్కకు ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ముగ్గురం భద్రాచలం దవాఖానాకు బయలుదేరాం. అడవి మధ్యలో లైట్లన్నీ ఆరిపోయి కారు ఆగిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. వెనక సీట్లో అక్క నా చెయ్యి పట్టుకుని మూలుగుతోంది. బావ డ్యాష్‌బోర్డును తడుతూనే ఉన్నాడు.

"బానెట్ తీసి చూడు బావా" అన్నాను.

"ఏం చూడాల్నో తెలుస్తలేదురా" అన్నాడు.

అయినా దిగి, ఒక్కో వైరూ కదిలించి చూశాడు. చాలాసేపటికి దొరికింది. బ్యాటరీ నుంచి కారు బాడీకి బిగించిన ఎర్త్ వైరు తుప్పుపట్టి వదులైంది. తుప్పు గీకి, బోల్టు బిగించాడు. కారు స్టార్టయింది.

దవాఖానాలో అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు.

"మీరు బయలుదేరకముందే కడుపులో పోయింది. తొందరగా వచ్చినా లాభం ఉండేది కాదు" అని డాక్టరమ్మ చెప్పింది. బావ తలూపాడు గానీ నమ్మలేదు.

లైట్లు మళ్లీ ఎప్పుడూ మిణుకుమనలేదు. అయినా బావ కారు ఆపిన ప్రతిచోటా బానెట్ ఎత్తి, ఆ వైరును లాగి చూసేవాడు. ఒకరోజు ఇంటి ముందు అట్లాగే చూస్తుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"గట్టిగనే ఉందయ్యా" అంది.

"అవ్, గట్టిగనే ఉంది" అన్నాడు బావ, మళ్లీ లాగుతూ.

ఆయన చూడడం అయ్యేదాకా అక్క అక్కడే నిలబడింది.