బస్సెక్కితే తిప్పతాదా అమ్మా?

నిన్న గుడియాత్తం నుంచి వేలూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పిల్ల నిమ్మకాయను గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన తగలగానే రూతమ్మ గుర్తొచ్చింది. ప్రేమతో గుర్తొచ్చిందనుకునేరు. ముందుగా లేచింది పాత కడుపుమంటే. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయి మా చిత్తూరు అటూ, వేలూరు ఇటూ అయిన రోజులవి. వేలూరులో ఒక ఆసుపత్రిలో నేను కొత్త నర్సుని. రూతమ్మ నాకంటే ఆరేళ్లు పెద్దది, గుడియాత్తం మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడేది కాని తెలుగు అక్షరం ముక్క రాదు, అన్నీ తమిళంలోనే రాసుకునేది. ఆ ఒక్క లోపం పట్టుకుని నేను తృప్తిపడేదాన్ని. ఎందుకంటే మిగతా అన్నిటిలో ఆమెదే పైచేయి. అప్పట్లో ఆపరేషన్ అయి ఈథర్ మత్తులోంచి లేచినవాళ్లు చాలామంది కుట్లు అదుముకుని వాంతులతో విలవిల్లాడేవారు. వాంతులు రాకుండా ముందే ఇచ్చే సూదిమందు అప్పుడప్పుడే వచ్చింది, అందరికీ సరిపోయేది కాదు. ఎవరికివ్వాలో డాక్టరమ్మ రూతమ్మనే అడిగేది. పరీక్షల్లో మొదటిదాన్నయిన నన్ను ఒక్కనాడూ అడగలేదు. నేను కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ఎవరికి వాంతులవుతాయో నీకెట్ల తెలుస్తాది?"

"అడగతా, అంతే సరోజా. బస్సెక్కితే తిప్పతాదా అమ్మా అని. బస్సు పడనోళ్లకి ఈ మత్తూ పడదు. మా అమ్మను ఆపరేషన్‌కి తెచ్చేటప్పుడు దావంతా కక్కినాది. ఆపరేషన్ అయినాక రెండు దినాలు కక్కినాది. అప్పుడు తెలిసె నాకు."

ఇంతేనా అనిపించింది. ఆ ఇంత కూడా నాకు తట్టనందుకు ఇంకా కుళ్లుకున్నాను.

ఆమె సెలవులో ఉన్న రోజు ఒడుగత్తూరు నుంచి కనకమ్మ అనే రైతు ఇల్లాలు వచ్చింది. కడుపులో గడ్డ తీయాలి. నేను మంచం చూపిస్తుంటే తనంతట తనే చెప్పింది. "బస్సు నాకు పడదు నాయనా. వచ్చేటప్పుడు మూడు తూర్లు కక్కినా."

డాక్టరమ్మకు చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. చెబితే "రూతమ్మ నేర్పిందా?" అని మెచ్చుకుంటుంది, ఆ మెప్పు కూడా రూతమ్మకే పోతుంది. నోరు మూసుకున్నాను.

మర్నాడు ఆపరేషన్ అయ్యాక కనకమ్మ వాంతులు ఆగలేదు. కుట్లు తెగాయి, మళ్లీ వేయాల్సి వచ్చింది. రూతమ్మ సెలవు నుంచి వస్తూనే ఒక చేత్తో ఆమె నుదురు పట్టుకుని, ఇంకో చేత్తో కడుపు మీద దిండు అదిమి కూర్చుంది. డాక్టరమ్మ నావైపు తిరిగి, "బస్సు సంగతి అడగలేదా?" అంది.

"అడిగినానమ్మా. ఏమీ కాదనింది," అన్నాను.

కనకమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. మాట్లాడే ఓపిక లేదు. సాయంత్రం కట్లు కట్టే గదిలో రూతమ్మ గాజుగుడ్డ మడుస్తూ మెల్లగా అంది. "ఆయమ్మ నీకు చెప్పిందంట. నేను డాక్టరమ్మకి చెప్పను. ఆయమ్మ బాగై ఇంటికి పొయ్యేలోపల నువ్వే చెప్పు. రేపటినించి అందరినీ అడిగే పని నీదే."

చెప్పలేదు. పదిహేను రోజులకు కనకమ్మ వెళ్లిపోయింది. రూతమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. అలా ఊరుకోగలిగినందుకు కూడా ఆమె మీద నాకు ఈర్ష్యే. కాని అడగడం మాత్రం మానలేదు. ముప్పై ఏళ్లు, ఆపరేషన్‌కి వచ్చిన ప్రతి మనిషినీ అడిగాను. జవాబు ఏదైనా సరే, చీటీ మీద రాసి డాక్టర్ చేతికిచ్చాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు దానికి సరోజమ్మ ప్రశ్న అని పేరు పెట్టారు. నేను దిద్దలేదు. రిటైరైన రూతమ్మ ఓసారి చూడ్డానికొస్తే ఒక పిల్ల ఆమె ముందే ఆ పేరు చెప్పింది. రూతమ్మ నావైపు చూడకుండానే, "మంచి ప్రశ్న నాయనా, మరవబాకండి," అంది.

ఇప్పుడు ఆమె లేదు. నిన్న బస్సులో ఆ పిల్లకు కిటికీ పక్క సీటు ఇచ్చాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆ ప్రశ్న నాది కాదు, రూతమ్మది. బస్సు పడదని కనకమ్మ నాకు చెప్పింది.