నా దిక్కు తిరిగి అను

జోడీలో నవ్వించేది పెద్దులు. నవ్వకుండా నిలబడేది విఠల్.

పద్మనగర్‌లో గణపతి పండగ జరిపే మండలాల స్టేజీల మీద వాళ్లిద్దరూ చేసిన తమాషాలను 1990ల్లో చూడని తెలుగువాడు భీవండిలో ఉండడు. పెద్దులు పొట్టి, గుండ్రటి మనిషి. మాట్లాడుతుంటే బొజ్జ కూడా మాట్లాడినట్టుండేది. విఠల్ పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. స్టేజీ ఎక్కినప్పుడు పెట్టుకునే గుండ్రటి కళ్లజోడు వెనక అతని ముఖం ఎప్పుడూ సావుకు వచ్చినవాడి ముఖంలాగే ఉండేది. జనం ఎప్పుడూ పెద్దులు పేరే ముందు చెప్పేవాళ్లు. విఠల్ దానికేమీ అనుకోలేదు.

ఇద్దరిదీ జగిత్యాల దిక్కు, ఊళ్లు వేరు. బతుకుతెరువుకు మహారాష్ట్రలోని భీవండి వచ్చాక ఒకే కార్ఖానాలో ఎదురెదురు సాంచాల మీద పని దొరికింది. ఆ మరమగ్గాలు నడుస్తున్నప్పుడు పక్కవాడి మాట కూడా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లంతా పెదవులు చూసి మాట పట్టుకోవటం నేర్చుకుంటారు. ఆ చప్పుడులోనే పెద్దులు తమ యజమాని సేఠ్ నడకనీ, చాయ్ పోసేవాడి తుమ్మునీ ముఖంతో చేసి చూపించేవాడు. విఠల్ తెగిన పోగు అతుక్కుంటూ నవ్వు బిగబట్టుకునేవాడు. ఆ బిగబట్టిన ముఖం చూసి చుట్టుపక్కల వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. వారం సెలవని సాంచాలు బంద్ ఉన్న ఒక శుక్రవారం మండలం అధ్యక్షుడు దత్తాత్రి వీళ్లను చాయ్ దుకాణం ముందు చూసి, "గిదే స్టేజీ మీద చెయ్యుర్రి" అన్నాడు. అట్లా మొదలైంది.

జనం మళ్లీ మళ్లీ అడిగి ఆడించుకున్నది తాత సావు తమాషా. అందులో సేఠ్ వేషం విఠల్‌ది. పెద్దులు నిన్న పనికి రాని కార్మికుడు.

"నిన్న ఎందుకు రాలే?"

"మా తాత సచ్చిండు సేఠ్."

"మీ తాత హోలీకే సచ్చిండు గద."

"అవ్ సేఠ్. గప్పుడు పైకి పోయిండు. ఆడ గూడ సాంచాలే ఉన్నయని వాపసొచ్చిండు."

ఇక్కడ విఠల్ కళ్లజోడు తీసి, ధోతి కొంగుతో నిదానంగా తుడుచుకునేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఆ మౌనంలోనే జనం నవ్వటం మొదలుపెట్టేవాళ్లు. నవ్వు బాగా పెరిగాక కళ్లజోడు పెట్టుకుని, "మరి ఈసారి?" అనేవాడు.

"ఈసారి శుక్రవారం పోయిండు సేఠ్. బంద్ ఉన్నది."

చప్పట్లు పెద్దులుకే పడేవి. కానీ ఆ కళ్లజోడు తుడవటం ఎంతసేపు సాగాలో విఠల్‌కు ఎవరూ నేర్పలేదు. జనం నవ్వు చెవిన పడే తీరును బట్టి అతను కొలుచుకునేవాడు.

ఆ చెవులే మొదట పోయాయి. సాంచాల మధ్య ఇన్నేళ్లు పనిచేస్తే చాలామందికి అట్లాగే అవుతుంది. ముందు సన్నటి గొంతులు పోయాయి, తర్వాత ఇంట్లో కూతురు అనిత పిలిచేది పోయింది. భార్య రాజమణి నూలు కండెలు చుట్టే పనికి పోయేది. భర్త వెనక నుంచి పిలిస్తే తిరగటం లేదని ముందు ఆమే పసిగట్టింది. బయట ఎవరికీ తెలియనివ్వలేదు విఠల్. స్టేజీ మీద మాత్రం దాచలేడు కనక పెద్దులుకు చెప్పాడు.

"నీ మాట అయిపోయినంక నా దిక్కు జూడు. నీ మూతి జూసి అందుకుంట. నీకొక్కనికే చెప్తున్న."

"గింత దానికి భయమెందుకురా. నేను లేనా," అన్నాడు పెద్దులు.

ఒక ఏడు అట్లాగే నడిచింది. జనంలో ఎవరికీ అనుమానం రాలేదు.

1998 గణపతి పండగ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకే జనం రోడ్డు మీదిదాకా కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు రాజమణి, అనిత కూడా ఉన్నారు. తాత సావు తమాషా వచ్చింది. విఠల్ కళ్లజోడు తీసి తుడవటం మొదలుపెట్టాడు. అప్పుడు పెద్దులు అతనికి వీపు పెట్టి, జనం దిక్కు తిరిగాడు.

"మా సేఠ్ చెవిటోడు. నేనేమన్నా ఇనవడదు. జూస్తరా?" అన్నాడు. జనం నవ్వారు. "అరే చెవిటి మాలోకం, కళ్లద్దాలు తుడిచింది సాలు," అన్నాడు. ఇంకా నవ్వారు. అంతటితో ఆపితే అదొక తీరుగా ఉండేది. నవ్వు రుచి తగిలింది పెద్దులుకు. "రాత్రిపూట ఇంట్లకు దొంగలొచ్చినా ఈయనకు ఇనవడదు. దొంగలు గాక వేరేటోళ్లొచ్చినా ఇనవడదు. రాజమణి వదినెకు ఎంత సుఖమో ఎరికేనా," అన్నాడు.

కుర్చీలు కదిలిపోయేట్టు నవ్వారు జనం. విఠల్‌కు ఆ నవ్వు పూర్తిగా వినపడలేదు గానీ కళ్లకు కనిపించింది. తన మౌనానికి ఇంత నవ్వు ఎన్నడూ రాలేదనుకున్నాడు. తుడిచిన కళ్లజోడును మళ్లీ ఊది, ఇంకోసారి తుడిచాడు.

ఇంటికి నడుస్తూ రాజమణితో, "ఇయాల నవ్వినట్టు ఎన్నడు నవ్వలే జనం. సూసినవా?" అన్నాడు. ఆమె తల ఊపింది.

మర్నాడు పొద్దున చాయ్ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, అంతా చెప్పింది. ఒక్కో మాటా అతనికి అందేట్టు నిదానంగా చెప్పింది. తన పేరు వచ్చిన మాట దగ్గర ఆమె పెదవులు వణికాయి. అతనికి అర్థం కాలేదు.

"మల్లొకసారి చెప్పు," అన్నాడు.

ఆమె మళ్లీ చెప్పింది. చాయ్ చల్లారిపోయింది.

"పోయి వాని కాలర్ పట్టుకో," అంది రాజమణి. "గింతమందిల నా ఇజ్జత్ తీసిండు. ఇయాల పొద్దుగాల నీళ్ల కాడ ఒకామె నన్ను జూసి మూతికి కొంగు అడ్డం వెట్టుకున్నది."

"పట్టుకుంటె ఏమైతది? నలుగురు ఇడిపిస్తరు. రెండు దినాలకు మర్చిపోతరు." విఠల్ గ్లాసు కింద పెట్టాడు. "యాడ అన్నడో ఆడనే ఇస్త. గా స్టేజీ మీదనే. గప్పటిదాక నువ్వేం మాట్లాడకు."

శనివారం మామూలుగా పనికి పోయాడు. ఎదురు సాంచా నుంచి పెద్దులు సేఠ్ ముఖం చేసి చూపించాడు. విఠల్ ఎప్పటిలాగే నవ్వు బిగబట్టుకున్నాడు. తన జోడీదారుకు ఏమీ తెలియదనే పెద్దులు నమ్మాడు. కనేరిలో పిలిస్తే ఇద్దరూ పోయి ఆడారు. కల్యాణ్‌లో ఒక పెళ్లిలో ఆడారు. చెవిటి సేఠ్ ముక్క పెద్దులుకు బాగా పనికొచ్చింది. పోయిన ప్రతిచోటా వాడాడు, ప్రతిసారీ కొత్త మాట కలిపాడు. ప్రతిసారీ విఠల్ ధోతి కొంగుతో కళ్లజోడు తుడుస్తూ నిలబడ్డాడు. ముందు వరసలో కూర్చున్నవాళ్ల ముఖాల్లోంచి పెద్దులు ఏమంటున్నాడో చదువుకున్నాడు. ఎదురుగా పెద్దులు వీపు కనిపిస్తుంటే, అతని భుజాల మధ్య చెమట ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వస్తుందో కూడా గుర్తుంచుకున్నాడు.

రాజమణి మాత్రం ఓర్చుకోలేకపోయేది. "నీకు కోపం సచ్చిపోయిందా?" అని ఒకరోజు అడిగింది.

"పెంచుతున్న," అన్నాడు విఠల్.

ఆ ఏడాదంతా పనిచేసే చోట అతను పెద్దులునే చూశాడు. ఏ మాటకు ముందు కనుబొమ్మ లేస్తుందో, నవ్వొచ్చే మాట అనబోయే ముందు నాలుకతో పెదవి ఎట్లా తడుపుకుంటాడో చూశాడు. తమాషాలన్నీ అతనికీ నోటికి వచ్చినవే. ఇన్నాళ్లూ తన వంతు మాటలే పలికాడు, అంతే.

మళ్లీ పండగ వచ్చింది. అదే వీధి, అదే స్టేజీ. "ముందటి వరసల కూసో," అని రాజమణికి చెప్పాడు విఠల్. ఆమె పెళ్లిలో కట్టిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. దత్తాత్రి మైకులో పేర్లు చెప్పగానే ఈలలు మొదలయ్యాయి.

పెద్దులు బొజ్జ ఊపుకుంటూ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విఠల్ అడిగాడు.

"నిన్న ఎందుకు రాలే?"

"మా తాత సచ్చిండు సేఠ్."

"ఎరుకే," అన్నాడు విఠల్. గొంతు మామూలు కంటే గట్టిగా వచ్చింది. "హోలీకి సచ్చిండు, ఆడ గూడ సాంచాలే ఉన్నయని వాపసొచ్చిండు, ఈసారి శుక్రవారం పోయిండు, బంద్ ఉన్నది. ఇంకేమన్న ఉన్నదా?"

జనం ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత గొల్లున నవ్వారు. పెద్దులు కూడా నవ్వాడు, ఇది కొత్త ముక్క అన్నట్టు. ఇంకో తమాషా ఎత్తుకున్నాడు. పెళ్లాం కొట్టిన దెబ్బను సాంచా మీదికి నెట్టే కార్మికుడి కథ అది. "సేఠ్, గీ దెబ్బ..." అనేలోపే విఠల్ సాంతం చెప్పేశాడు. మూడోది ఎత్తుకున్నాడు. పెద్దులు పెదవి తడుపుకున్నాడు. ఆ మాట ముందుగా విఠల్ నోట్లోంచి వచ్చింది, ఉప్పులేని కూరలా చప్పగా. జనం కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. పెద్దులు ముఖం మాత్రం పాలిపోయింది.

"ఏం జేస్తున్నవ్‌రా," అని పెదవులతోనే అడిగాడు.

విఠల్ కళ్లజోడు తీశాడు. తుడవటం మొదలుపెట్టాడు.

పెద్దులుకు ఇక మిగిలింది ఒక్కటే. గబుక్కున జనం దిక్కు తిరిగి, "సూసిండ్రా, మా చెవిటి సేఠ్..." అన్నాడు.

విఠల్ రెండు అంగల్లో చుట్టూ తిరిగి వచ్చి అతని ముందు నిలబడ్డాడు. జనానికీ పెద్దులుకూ నడుమ.

"నా దిక్కు తిరిగి అను," అన్నాడు.

పెద్దులు పక్కకు చూశాడు.

"పోయినేడు వాళ్ల దిక్కు తిరిగి అన్నవు. కనేరిల అన్నవు. కల్యాణ్‌ల అన్నవు. గిప్పుడు నా దిక్కు తిరిగి అను. నేను నీ మూతి జూస్తున్న. రాత్రిపూట మా ఇంట్లకు ఎవలొస్తరు?"

నవ్వు ఆగిపోయింది. వెనక వరసల్లో ఇంకా నవ్వుతున్నవాళ్లను పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు.

"విఠల్, తమాషకురా," అన్నాడు పెద్దులు.

"తమాషనే. అను. నా పెండ్లాం గీడనే కూసున్నది. దాని పేరు వెట్టి అను. నువ్వెంత సుఖమన్నవో మంచిగ చెప్పు."

రాజమణి కొంగు తల మీంచి తీసేసి నేరుగా పెద్దులు వైపు చూసింది. పెద్దులు నోరు తెరిచాడు, మూశాడు. చెమట మెడ మీంచి కారింది. విఠల్ అంతసేపూ కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు. ఎంత సేపంటే, మండలం వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, చేయి చెవి వెనక ఆనించి, పెద్దులు ముఖం మీదికి వంగాడు. ఆ మీదట జనం దిక్కు తిరిగాడు.

"నాకేం ఇనవడలే," అన్నాడు.

ఆ నవ్వు లాంటి నవ్వు పద్మనగర్‌లో అంతకుముందు లేదు. అది పూర్తిగా పెద్దులు మీద పడింది. అతను స్టేజీ వెనక మెట్ల మీంచి దిగి, ముఖానికి వేసుకున్న రంగు కడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

తర్వాత ఆ మాట ఊరికి పట్టుకుంది. బేరమాడేవాళ్లు పక్కకు తిరిగి గొణిగితే కూరగాయలమ్మేవాడు "నా దిక్కు తిరిగి అను" అనేవాడు. కోడలు వంటింట్లో సణిగితే అత్త అనేది. మరాఠీ బడికి పోయే పిల్లలు తెలుగు రాకున్నా ఆ ఒక్క మాటా తెలుగులోనే అనేవాళ్లు. ఇద్దరూ కలిసి కట్టిన ఇన్ని తమాషాల్లో నిలిచింది అదొక్కటే. పెద్దులు కార్ఖానాలో అడుగుపెడితే ఎవడో ఒకడు సాంచా ఆపి మరీ అనేవాడు. అతను కనేరికి మారాడు. ఆ మాట అతనికంటే ముందే అక్కడికి చేరింది. చివరికి కాల్హేర్‌లో ఒక గోడౌన్‌కు వాచ్‌మన్‌గా పోయాడు. అక్కడ లారీల వాళ్లకు తెలుగు రాదు.

విఠల్‌ను మండలం వాళ్లు మళ్లీ పిలిచారు. సురేశ్ అనే కుర్ర కార్మికుడితో జోడీ కట్టి ఒకసారి స్టేజీ ఎక్కాడు. సురేశ్ మాట బాగానే అన్నాడు. విఠల్ కళ్లజోడు తీశాడు. ఎంతసేపు తుడవాలో సురేశ్ ముఖం చూస్తే తెలియలేదు. త్వరగా పెట్టేసుకున్నాడు. నవ్వు రాలేదు. "నాతోని కాదు," అని దత్తాత్రికి చెప్పి మానుకున్నాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి పెద్దులు మీదే కోపం వచ్చేది. చెవులు సాంచాలు తీసుకున్నాయి, దానికెవరిని అంటాం. మిగిలినదాన్ని మాత్రం పెద్దులే పాడుచేశాడనేవాడు.

ఏడెనిమిదేళ్లకు పెద్దులు కూతురు సోనాలి పెళ్లి కుదిరింది. కార్డు వచ్చింది. విఠల్ ముట్టుకోలేదు. "నువ్వు పోతె పో," అన్నాడు. చిన్నప్పుడు సోనాలి సగం రోజులు వీళ్ల ఇంట్లోనే తినేది. రాజమణి ఒక స్టీలు బిందె తీసుకుని ఒక్కతే పోయింది.

హాలు గేటు దగ్గర పెద్దులు వచ్చినవాళ్లకు దండాలు పెడుతూ ఉన్నాడు. ఆమెను చూసి చేతులు దించేశాడు.

"ఇంక మనసుల వెట్టుకున్నడా వదినె?"

"వెట్టుకున్నడు."

"మరి నువ్వు?"

"నేను గూడ. సోనాలి కోసం వచ్చిన," అని ఆమె లోపలికి పోయింది.

ఇంటికి వచ్చేసరికి విఠల్ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"ఎట్లున్నడు?"

"జుట్టంత నెరిసింది. బొజ్జ పోయింది."

"ఎవల్నన్న నవ్విస్తుండెనా?"

"లేదు. అందరికి దండాలు వెడ్తుండె."

"మంచిగైంది," అన్నాడు విఠల్.

ఆ వారమంతా ఆ సంగతి ఆమెతో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. గేటు దగ్గర ఎట్లా నిలబడ్డాడు, ఏ రంగు అంగీ తొడిగాడు, ఆమె లోపలికి పోయాక వెనక్కి తిరిగి చూశాడా అని అడిగాడు. ఆమెకు విసుగొచ్చినా చెప్పింది. చెబుతున్నంతసేపూ విఠల్ ఆమె పెదవుల మీంచి చూపు తీయలేదు.