కాలువ అవతలి ఖాలా

మా ఊళ్లో కాలువ ఉండేదంటే ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. సాతంరాయి నుంచి కొంచెం లోపలికి పోతే మా ఊరు. చెరువు తూము దగ్గర మొదలైన కాలువ ఇళ్ల మధ్యగా పారి కింది పొలాల్లోకి దిగేది. దాన్ని ఎవరు తవ్వించారో మా తాతకే తెలియదు. గట్లకు పేర్చిన రాళ్లు మాత్రం నున్నగా అరిగిపోయి ఉండేవి. ఇటు మా రైతుల ఇళ్లు, అటు ముస్లింల ఇళ్లు.

మా మేనత్త పెళ్లయిన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. నాన్న ఆమెకు కాలువ గట్టున ఒక చిన్న మడి ఇచ్చాడు. అత్త అందులో చామంతులు, బంతిపూలు పెంచేది. ఎదురుగా అవతలి గట్టున, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ ఇల్లు. ఖాలా భర్త లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆమె పెళ్లిళ్లకు దండలు, పెళ్లికొడుకు ముఖం మీదికి వేలాడే పూల సెహ్రాలు కట్టేది. అత్త పూలు కోసి గంప నెత్తిన పెట్టుకుని, చీర మోకాళ్ల దాకా ఎత్తి, నీళ్లలో నడిచి అవతలికి పోయేది. సాయంత్రం దాకా ఇద్దరూ కట్టేవాళ్లు.

ఒకరోజు అత్తను పిలుచుకు రమ్మని అమ్మ నన్ను పంపింది. నాకు అప్పుడు ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో. ఖాలా ఇంటి తలుపు నెట్టి లోపలికి పోతే, అత్త కింద కూర్చుని ఉంది. వెనక నుంచి ఖాలా ఆమె జడలో చామంతులు తురుముతోంది. అత్త తలలో పూలు ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. నన్ను చూసి అత్త చెయ్యి గబుక్కున తల మీదికి పోయింది.

“ఉండనీ అక్కా. చిన్నపిల్ల, దానికేం ఎరుక?” అంది ఖాలా.

కాలువలో దిగే ముందు అత్త ఆ పూలు తీసి గట్టు మీద పెట్టింది. ఆ సంగతి నేను ఇంట్లో ఎవరితోనూ చెప్పలేదు.

తర్వాత విమానాశ్రయం వచ్చింది. పొలాలు ప్లాట్లయ్యాయి. చెరువులోనే ఇళ్లు లేచాయి. కాలువలో నీళ్లు పోయి మురుగు మిగిలింది. కొన్నాళ్లకు దాని మీద బండలు పరిచి, మట్టి పోసి, రోడ్డు వేశారు. అత్త మడి ఆ రోడ్డు కిందే పోయింది. ఖాలాకు కూడా కట్టడానికి పని లేకుండా పోయింది, పెళ్లివాళ్లు సెహ్రాలు సిటీ నుంచే తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

అయినా మొదట్లో అందరం సంతోషించాం. వాసన పోయింది, బస్సు వచ్చింది. కానీ ఆ రోడ్డు ఏటేటా వెడల్పయింది. నడుమ డివైడర్ కట్టి ఇనుప కంచె పెట్టారు. అవతలికి పోవాలంటే ఎక్కడో ఉన్న యూ టర్న్ దాకా పోయి రావాలి. అప్పటికి అత్త మోకాళ్లు అరిగిపోయాయి. ఖాలాకు ఆయాసం. ఇద్దరూ సాయంత్రాలు ఎవరి గడప ముందు వాళ్లు కుర్చీ వేసుకుని, ఒకరినొకరు చూస్తూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు.

“తిన్నవా బీబీ?”

“తిన్న. నువ్వేం కూర?”

నడుమ లారీ వచ్చి ఆగితే అత్త మాట ఆపేసేది. అది కదిలి ఖాలా మళ్లీ కనిపించాకే మాట్లాడేది.

ఇంకోసారి రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఖాలా ఇల్లు సగం పోయింది. ఆమె కొడుకు జల్‌పల్లిలో ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. వాళ్లు సామాను ఎక్కిస్తున్న రోజు నేను అత్తను స్కూటీ మీద ఎక్కించుకుని చుట్టూ తిప్పి తీసుకెళ్లాను. ఖాలా ఆటోలో కూర్చుని ఉంది.

“జల్‌పల్లి ఎంత దూరం అక్కా? ఫోన్ల మాట్లాడుకోమా ఏంది?” అంది.

“ఎదురుంగ ఉండి కూడా కలుసుకోకపోతిమి. ఇగ గాడికేం వస్త బీబీ” అంది అత్త, ఆమె చెయ్యి పట్టుకుని.

కొన్ని నెలలు ఫోన్లు నడిచాయి. తర్వాత ఖాలాకు వినికిడి తగ్గింది. ఒకరోజు అత్త ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది. ఖాలా పోయిందట. రెండు రోజుల కింద, శుక్రవారం జుమ్మా నమాజ్ అయ్యాక మట్టి ఇచ్చేశారట.

ఆ మధ్యాహ్నమే ఆటోలో జల్‌పల్లి పోయాం. సందులో మేడ మీద చిన్న ఇల్లు. కోడలు అత్తను చూసి ఏడ్చింది.

“మీకు చెప్పాలె అనుకున్నం పెద్దమ్మా. పరేషాన్ల మర్చిపోయినం.”

“పోనీ బిడ్డా. నొప్పేమన్న పడ్డదా?”

“లేదు. దవాఖానకు తీస్కపోతమంటే వద్దన్నది. ఆఖరు దినాలల్ల మాత్రం పొద్దున లేస్తే, అక్క పిలుస్తుంది, నీళ్లు తగ్గినయా చూడమనేది. ఈడ నీళ్లేడియి అమ్మీ అంటే వినకపాయె.”

అత్త ఖాలా పడుకున్న మంచం ఏదో అడిగి, దాని మీద కాసేపు కూర్చుంది. దుప్పటి చెయ్యితో సవరించింది. చాయ్ తెస్తే తాగింది.

వచ్చేటప్పుడు ఖాలాకు మట్టి ఇచ్చిన ఖబరస్తాన్ దగ్గర ఆటో ఆపమంది. లోపలికి ఆడవాళ్లు రారని గేటు దగ్గరున్న ముసలాయన మెల్లగా చెప్పాడు.

“జర ఈడనే నిలబడ్తా, అన్నా” అంది అత్త.

ఆయన లోపలికి చెయ్యి చాపి కొత్త మట్టి ఎక్కడుందో చూపించాడు. ఎండలో తడి ఆరని మట్టి కుప్పలు రెండు మూడు కనిపించాయి. వాటిలో ఖాలాది ఏదో అత్త అడగలేదు. చాలాసేపు నిలబడింది. ఆటో అతను హారన్ కొడితే వచ్చి ఎక్కింది.

ఆ తర్వాత అత్త బయట కూర్చోవడం మానేసింది. గగన్‌పహాడ్‌లో పని నుంచి వచ్చాక రోజూ ఆమె గదిలోకి వెళ్లి పక్కన కూర్చుంటాను. ఏం తిన్నావని అడుగుతాను. కూర పేరు చెప్పి గోడ వైపు తిరుగుతుంది. ఒక్కోసారి నేను ఆఫీసు సంగతులు, ఇంటి సంగతులు చెబుతూ పోతాను. అత్త వింటుంది. ఆమెకు మాట్లాడాలనిపించే మనిషిని నేను కాదని మా ఇద్దరికీ తెలుసు.