చినమామ మైకు

మొన్న ఆదివారం ఆరాధనకు ముందు మా సంఘంలో పాటల బృందం సాధన చేసుకుంటుంటే, వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను. ముందు వరసలో నిటారుగా కూర్చునే ఓపిక ఈ మధ్య పోయింది. వెనకైతే గోడకు వీపు ఆనుతుంది. ఎప్పుడూ ఆరుగురు నిలబడే చోట ఐదుగురే ఉన్నారు. కింది స్థాయిలో పాడే కుర్రాడికి ఒంట్లో బాగాలేదట, రాలేదు. అయినా అతని గొంతు శుభ్రంగా వినబడుతోంది. నేను అటూ ఇటూ వెతుక్కోవడం చూసి కీబోర్డు దగ్గరున్న అమ్మాయి నవ్వింది. "అందరి గొంతులూ ముందే రికార్డు చేసి పెట్టుకున్నాం ఆంటీ. ఎవరు రాకపోయినా ఇబ్బంది ఉండదు" అంది. మంచి ఏర్పాటే. దేవుని పని ఎవరో ఒకరి జ్వరం వల్ల ఆగకూడదు కదా. కానీ ఆరాధన అయ్యాక సుభాష్‌పల్లిలో మా ఇంటికి నడిచి వస్తుంటే ఆ "ఇబ్బంది ఉండదు" అన్న మాట నాతో పాటే వచ్చింది. అన్నం తిన్నాక కూడా పోలేదు.

ఎనభైల చివర ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో మాకూ ఒక పాటల పార్టీ ఉండేది. దానికి మా అన్నయ్య పెట్టిన ఇంగ్లీషు పేరు ఇప్పుడు చెప్పను, నాకే నవ్వొస్తుంది. వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నంబర్లు వేసే తెల్లరంగుతో ఆ పేరును డ్రమ్ము మీద తనే రాశాడు. గిటారు అన్నయ్యది. డ్రమ్ములు మా మేనత్త కొడుకు, అంటే బావవి. ఆ బావనే తర్వాత పెళ్ళి చేసుకున్నాను కాబట్టి ఆయన వాయింపు గురించి మంచిమాటే చెప్పాలి. రెండో గొంతు నాది. అసలు గొంతు మా చినమామది. చినమామ అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు, లోకోషెడ్డులో గుమాస్తా. అన్నయ్యా ఆయనా దాదాపు ఒకే వయసువాళ్ళు. ఒకే సైకిలు మీద బడికి పోయి, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. హిందీ డిస్కో పాటలు, బెంగాలీ ఆధునిక పాటలు, మధ్యలో రెండు తెలుగు పాటలు, ఇదీ మా సరుకు. కాలనీ ఫంక్షన్లకీ, పెళ్ళిళ్ళకీ పిలిచేవారు.

ఇప్పటి పిల్లలు సరదాగా పాడుకునే రోజులనుకుంటారు గానీ, నాకు మొదట గుర్తొచ్చేది అలసటే. అన్నయ్య పొద్దుటి సైరను నుంచి సాయంత్రం సైరను దాకా ఇనుము ముందు నిలబడి వచ్చేవాడు. నేను న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగు బళ్ళో రోజంతా అరిచి అరిచి వచ్చేదాన్ని. బావ గూడ్సు గార్డు. డ్యూటీ దిగి, ముఖం కూడా కడుక్కోకుండా, చొక్కా మీద బొగ్గు నుసితోనే డ్రమ్ముల ముందు కూర్చునేవాడు. మా క్వార్టర్ వసారాలో సాధన. కరెంటు పోతే లాంతరు. లాంతరు చుట్టూ దోమలు. ఒక్కోసారి పాట మధ్యలో బావ కళ్ళు మూతపడేవి. చేతులు మాత్రం వాయిస్తూనే ఉండేవి. అప్పుడే వాయింపు బాగుంటుందని చినమామ ఏడిపించేవాడు.

మా నాన్న సంఘ పెద్ద. ఇంట్లో డిస్కో పాటలు ఆయనకు గిట్టవు. అందుకని చినమామ ఒక పద్ధతి పెట్టాడు. ఏ పాట మొదలుపెట్టినా ముందు మా గుడిలో ప్రతి ఆదివారం పాడే కీర్తన మొదటి పాదం ఎత్తేవాడు. లోపల నాన్న శాంతించేవారు, మాకు శ్రుతి దొరికేది. ఆ శ్రుతి పట్టుకుని అటునుంచి అటే డిస్కోలోకి జారిపోయేవాళ్ళం. మొదట్లో ఇది నాన్న కోసమే. తర్వాత మాకే అలవాటైపోయింది. స్టేజీ మీద కూడా చినమామ జనానికి వీపు తిప్పి, మైకుకు దూరంగా జరిగి, మా ముగ్గురికే వినబడేలా ఆ కీర్తన పాదం అనేవాడు. "ఏ పాటైనా దేవుడి పాటలోంచే ఎత్తాల" అనేవాడు. అది లేకుండా మాలో ఒక్కరికీ నోరు పెగిలేది కాదు. జనం మాత్రం ఆయన ముక్కు చీదుకుంటున్నాడనుకునేవారు.

అలాంటి చినమామ ఒక వేసవిలో లోకోషెడ్డు స్నేహితుడి వెంట వేరే సంఘం కూటాలకు వెళ్ళడం మొదలుపెట్టి, కొన్నాళ్ళకు కాంసాయి నదిలో ముంచుడు బాప్తిస్మం తీసుకుని వచ్చాడు. మా సంఘంలో పసిబిడ్డగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మమిస్తారు. అది లెక్కలోకి రాదంటారు వాళ్ళు. స్టేజీలు, సినిమా పాటలు లోకసంబంధమైనవనీ, ఇక పాడననీ చినమామ నెమ్మదిగానే చెప్పాడు. ఆ మాట అన్నం దగ్గర చెప్పడమే పొరపాటు. నాన్న తలెత్తకుండా, "సిన్నప్పుడు అయ్యగారు నీ నెత్తిన పోసిన నీళ్ళు అప్పుడే ఆరిపోనాయేటి?" అన్నారు. చినమామ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అప్పటినుంచి మా ఇంటికి భోజనానికి రావడం మానేశాడు. రెండు వీధులవతల తన గదిలో తనే వండుకునేవాడు. అమ్మమ్మ మా దగ్గరే ఉండేది. కొడుకు ఏం తింటున్నాడో అని రోజూ ఆ దారిన పోయేవాళ్ళను ఆపి అడిగేది. గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరా చినమామ మాతో లేడు, మా ఇంటి పీట మీదా లేడు. నేను రోజూ ప్రార్థన చేసేదాన్ని గానీ ఏమని అడగాలో తెలిసేది కాదు. తప్పిపోయిన గొర్రె కోసం తక్కిన మందను విడిచిపోయిన కాపరి కథ చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నదే. మా విషయంలో తప్పిపోయింది ఆయనా, మేమా అన్నదే తేలేది కాదు.

అన్నయ్యకు మాత్రం అనుమానాలేవీ లేవు. ఆ చలికాలం ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఏటేటా జరిగే రైల్వేవాళ్ళ ఫంక్షన్‌కి మమ్మల్ని పిలిచారు. వేరే గాయకుణ్ణి చూసుకోమని బావ అన్నాడు. అన్నయ్య వినలేదు. నాలుగు మైకులూ పెడతాం, మావ మైకు మావ చోటనే ఉంటుంది, అది చూశాక ఆగలేడు, వస్తాడు అన్నాడు. స్టేజీ ఎక్కితే ఇంటికీ వస్తాడని అన్నయ్య లెక్క. పాట కోసం కాదు, ఆ పీట కోసమే మనిషి అంత పట్టు పట్టాడని నాకు తెలుసు. లోకోషెడ్డుకు పోయి కబురు కూడా చెప్పి వచ్చాడు. చినమామ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదట. వాళ్ళమ్మకు, అంటే మా అమ్మమ్మకు, చూడాలనుంటే తీసుకొచ్చి దింపుతానని మాత్రం అన్నాడట. అన్నయ్యకు ఆ మాత్రం చాలు.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు పేము కుర్చీల్లో ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు. వెనక బెంచీల మీద బెంగాలీలు, మనవాళ్ళు, ఒరియావాళ్ళు, బిహారీలు, ఒళ్ళో శనక్కాయల పొట్లాలు. చినమామ అమ్మమ్మను రిక్షాలో తెచ్చి, తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, వెంటనే బయటికి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. స్టేజీ మీద మైకులు సర్దుతున్న బెంగాలీ ఆయన నాలుగో మైకు దగ్గర నిలబడి, "దాదా, ఏటా కార్?" అని అడిగాడు. ఇది ఎవరిది అని. "ఆదమీ ఆ రహా హై", మనిషి వస్తున్నాడు, అన్నాడు అన్నయ్య తలుపు వైపు చూస్తూ. ఆయన భుజాలు ఎగరేసి దానికీ వైరు తగిలించాడు.

పేరు పిలిచారు. చప్పట్లు ఆగాయి. అన్నయ్య గిటారు మీద చెయ్యి పెట్టి తలుపు వైపే చూస్తున్నాడు. బావ పుల్లలు ఎత్తి అన్నయ్య వైపు చూస్తున్నాడు. నేను ఇద్దరినీ చూస్తున్నాను. పాట ఎత్తేవాడు లేడు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

"నువ్వెత్తియ్యి మరదలా" అన్నాడు బావ పళ్ళ సందున. "ఈళ్ళు టమాటాలు తెచ్చినారేమో."

నేను ఎత్తాను. అంటే, చినమామ ఎత్తే కీర్తన పాదమే ఎత్తాను. పాట ఎత్తడమంటే నాకు తెలిసింది అదొక్కటే. అయితే ఆయన వీపు తిప్పి, మైకుకు దూరంగా జరిగి అనేవాడు కదా, ఆ సంగతి నాకు తట్టలేదు. నేను మైకులోనే అన్నాను. హాలంతా మోగింది. బయట గేటుకు కట్టిన లౌడ్‌స్పీకర్ గొట్టాల్లోనూ మోగింది. అన్నయ్య వేళ్ళు వాటంతటవే ఆ శ్రుతిలోకి వెళ్ళిపోయాయి. బావ డిస్కో పాట కోసం సిద్ధం చేసుకున్న దరువు వేసేశాడు. మా కీర్తన డిస్కో దరువు మీద బయలుదేరింది.

అక్కడ ఆపేసి ఉంటే సరిపోయేది. కానీ మేం పెరిగిన సంఘంలో కీర్తన ఎత్తితే ఆఖరి చరణం దాకా పాడాల్సిందే. సగంలో కూర్చుంటే అయ్యగారు అందరి ముందూ పేరు పెట్టి పిలుస్తారు. ముగ్గురికీ ఆ భయం రక్తంలో ఉంది. జనానికి మాట అర్థం కాకపోయినా దరువు నచ్చింది, చప్పట్లు మొదలుపెట్టారు. ఒక ఆఫీసరు భార్య తలాడిస్తోంది. రెండు చరణాలు అయ్యాయి. మూడో చరణం చినమామది. గుడిలో ఆయనొక్కడే పాడేవాడు, మేం ఊరుకునేవాళ్ళం. ఎన్నో ఏళ్ళుగా అంతే. అలవాటు చొప్పున ముగ్గురమూ నోరు మూసుకున్నాం. గిటారూ డ్రమ్ములూ నడుస్తున్నాయి, దీపాల కింద ఆ మైకు నిలబడి ఉంది. అన్నయ్య తలుపు వైపు చూడటం మానేసి ఆ మైకునే చూస్తున్నాడు. చరణం పొడవునా ఎవరూ పాడలేదు. నాలుగో చరణానికి నేనెత్తుకున్నప్పుడు నా గొంతు నాకే పరాయిదిలా ఉంది. కీర్తన అయ్యాక ఒప్పుకున్న డిస్కో పాటలన్నీ పాడాం. బాగానే పాడామన్నారు. నాకు ఒక్కటీ గుర్తు లేదు.

బయటికి వచ్చేసరికి చినమామ గేటు దగ్గర అమ్మమ్మను రిక్షా ఎక్కిస్తున్నాడు. అన్నయ్య గిటారు భుజాన వేసుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మైకు పెట్టినాం నీకు" అన్నాడు.

"సూసినాన్రా" అన్నాడు చినమామ. నా వైపు తిరిగి, "శ్రుతి ఎక్కువెట్టేసినావమ్మా. సివరికి గొంతు నొప్పెట్టుంటాది" అన్నాడు. అంతే. రిక్షా పక్కన నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, డ్రమ్ములూ గిటారూ అమ్మేద్దామన్నాడు. అమ్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నిన్న మీరు మద్దిలో ఊరుకుండిపోనారేటి?" అంది చేటలోంచి తల ఎత్తకుండా.

"అది మావ సరణం. పాడేవోడు లేడు" అన్నాడు అన్నయ్య.

"లేడేటి? ఆడు పాడినాడు కదరా."

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. చినమామ గేటు దగ్గర, రిక్షా చక్రం మీద చెయ్యేసి, ఆ చరణం మొదటినుంచి చివరిదాకా పాడాడట. మేము లోపల ఊరుకున్నంత సేపూ ఆయన బయట పాడుతూనే ఉన్నాడట. తలుపు పక్కన కూర్చుంది కాబట్టి అమ్మమ్మకు వినబడింది. ఆవిడ కాక విన్నది ఆ రిక్షావాడొక్కడే.

"మరి లోపలికి రావొచ్చు కదా" అన్నాడు అన్నయ్య.

"ఒస్తానని నీకెవుడు సెప్పినాడు?" అంది అమ్మమ్మ. "అక్కడికాడికి ఒచ్చినాడు. అంతకాడికే రాగలడు. నువ్వెల్లు."

అన్నయ్య ఆ రోజు వర్క్‌షాపు నుంచి నేరుగా చినమామ గదికి వెళ్ళాడు. గిటారు తీసుకెళ్ళలేదు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. ఆ వచ్చే ఆదివారం చినమామ తన కూటం ముగించుకుని, మా ఆరాధన ముగిసే వేళకు ఇంటికి వచ్చి తన పీట మీద కూర్చున్నాడు. గోల్‌బజార్ నుంచి నాన్న పెద్ద రోహూ చేప తెచ్చారు. తలకాయ ముక్క ఎవరి వైపూ చూడకుండా చినమామ కంచంలో వేశారు. బాప్తిస్మం మాట ఇద్దరూ ఎత్తలేదు, ఆ రోజే కాదు, నాన్న పోయేదాకా. ఒకే ప్రభువును నమ్ముకున్నవాళ్ళం వేరు వేరు బల్లల దగ్గర రొట్టె విరిచి, ఒకే పీటల వరసలో చేపల పులుసు తిన్నాం. ఇందులో ఏది సరి, ఏది కాదు అని తేల్చే శక్తి నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ప్రభువుకే వదిలేశాను.

చినమామ మళ్ళీ ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. అన్నయ్య మళ్ళీ ఎప్పుడూ రమ్మనలేదు. కానీ తొంభైల్లో మా పార్టీ దానంతటదే అలసిపోయి ఆగిపోయేదాకా నాలుగో మైకు మాత్రం పెట్టిస్తూనే ఉన్నాడు. మైకులాయన అడగడం మానేశాడు. చినమామకు బదిలీ అయింది, ఆ తర్వాత కొన్నేళ్ళకు అన్నయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. డ్రమ్ము మా అటక మీద ఉంది, తెల్లరంగు పెచ్చులు లేచిపోయింది.

సంఘంలో ఇప్పటికీ అప్పుడప్పుడూ పాట ఎత్తమంటారు. మూడో చరణం దగ్గర నా నోరు దానంతటదే ఆగుతుంది. ముసలిదానికి ఊపిరి అందడం లేదనుకుని పిల్లలు గబగబా అందుకుంటారు. వాళ్ళు రికార్డు చేసి పెట్టెలో పెట్టుకున్న గొంతు ఏ ఆదివారమూ ఒక్క క్షణం ఆలస్యం చేయదు. మా చినమామ గొంతు మర్నాటి పొద్దుటికి గాని మాకు అందలేదు. ఇన్నేళ్ళు గడిచినా అది ఇంకా వస్తూనే ఉంది.