సుభద్ర గారు పెట్టని సంతకం

హైటెక్ సిటీలో మా ఆఫీసు మీటింగ్ గదిలో ఏసీ గాలి సరిగ్గా మెడ వెనక తగులుతుంది. మిగిలినవాళ్లు చున్నీ కప్పుకుంటారు, రిమోట్ కోసం వెతుక్కుంటారు. నాకు మాత్రం ఆ చల్లగాలికి ఒళ్లు మండుతుంది. డాక్టర్ సుభద్ర గారు గుర్తొస్తారు. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. మందులను జంతువుల మీద పరీక్షించే ఒక కంపెనీలో ఆమె నా మొదటి బాస్. కాకినాడ మనిషి. గట్టిగా అరవడం ఆమెకు రాదు, ఊరుకోవడం అంతకన్నా రాదు.

నేను బోరబండ పిల్లను. చేరిన కొత్తలో ఎలుకల గదిలోకి స్వెటర్ వేసుకుని వెళ్లాను.

"జర చలిగుంది మేడమ్."

"స్వెటర్ తియ్యమ్మాయ్," అన్నారు. తీసి, కాసేపటికే చేతులు ముడుచుకుని నిలబడ్డాను. "నీకు స్వెటర్ ఉంది. వాటికేముంది, చెప్పు?"

బోనులో ఎలుకలన్నీ ఒక మూల ఒకదానిమీదొకటి ఎక్కి ముద్దగా పడుకుని ఉన్నాయి. గదిని ఇరవై రెండు డిగ్రీల్లో ఉంచేది వాటి కోసం కాదు, తల నుంచి కాళ్ల దాకా గౌనూ మాస్కూ తొడుక్కుని పనిచేసే మన కోసం. ఎలుకకు హాయిగా ఉండాలంటే ముప్పై దాకా కావాలి. అంతకన్నా బాగా చల్లబడితే దాని వీపు పైభాగంలో ఉండే గోధుమరంగు కొవ్వు పనిలోకి దిగుతుంది. ఆ కొవ్వు కణాల్లో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. మామూలుగా అవి తిండిని కణానికి పనికొచ్చే శక్తిగా మారుస్తాయి. చలిలో మాత్రం ఆ పని పక్కనపెట్టి నేరుగా వేడి పుట్టిస్తాయి. ఇదంతా ఆమె నన్ను ఆ చలిలోనే నిలబెట్టి చెప్పారు.

మరుసటి ఏడాది ఒళ్లు తగ్గించే పొడి ఒకటి మా దగ్గరికి పరీక్షకు వచ్చింది. అది తిన్న ఎలుకల్లో కొవ్వు కరిగింది. ఆఫీసులో కేకు కోశారు. సుభద్ర గారు కేకు ముట్టలేదు. "ఖాళీగా ఉన్న గదిని ముప్పైకి పెట్టించి మళ్లీ చేద్దాం," అన్నారు. చెమటలు కక్కుతూ చేశాం. వెచ్చటి గదిలో పొడి తిన్న ఎలుకలకూ తినని ఎలుకలకూ తేడా లేదు. చలికి అప్పటికే రగులుతున్న పొయ్యిని ఎగదొయ్యడమే ఆ పొడికి తెలిసిన పని. తెల్లాపూర్ విల్లాలో దుప్పటి కప్పుకుని పడుకునే మనిషి ఒంట్లో ఆ పొయ్యి రాజుకునే అవసరమేముంది?

ఆ ఫలితం చూపిస్తే మా కంపెనీ డైరెక్టర్ నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"మేడమ్, అందరూ ఇరవై రెండులోనే చేస్తున్నారు. రెండో స్టడీ క్లయింట్ అడగలేదు. రిపోర్టులో అది వద్దు."

"రెండూ ఉంటేనే సంతకం పెడతానండి."

"సరే, ఇంకొకరు పెడతారు."

నేను ఆగలేకపోయాను. "గదేంది సార్? ఆ ఎలుకలను రోజూ చూసింది నేను. వెచ్చగుంటే పొడి పనిచేస్తలేదు!"

"జూనియర్లు మధ్యలో మాట్లాడొద్దు."

ఇంకొకరు సంతకం పెట్టారు. సుభద్ర గారితో రాజీనామా రాయించుకున్నారు. పొడి డబ్బాలు మూసాపేట మందుల షాపుల దాకా వచ్చేశాయి. చుట్టుపక్కల కంపెనీలన్నిటిలోనూ ఆమె మీద ఒకే ముద్ర వేశారు, ఇబ్బంది పెట్టే మనిషని. ముప్పయ్యేళ్ల చదువూ అనుభవమూ ఉన్న మనిషిని ఎవరూ గడప తొక్కనివ్వలేదు. సిగ్గులేని జనం.

ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు కాఫీ ఇస్తూ అన్నారు: "కోపం తగ్గించుకోమని అందరూ చెప్తున్నారు. బీపీ వస్తుందట. నువ్వు మాత్రం చెప్పకమ్మాయ్." నేను చెప్పలేదు.

మొన్న వేసవిలో ఆమె పోయారు. సంతాప సభకు ఆ డైరెక్టర్ పెద్ద దండ పట్టుకొచ్చాడు. మైకు అందుకుని, "సుభద్ర గారు శాంతమూర్తి. ఎవరి మీదా కోపం పెట్టుకోని మనిషి," అన్నాడు.

లేచి నిలబడ్డాను. "అబద్ధం సార్. మేడమ్ పోయేదాంక మీ మీద కోపంతోనే ఉన్నరు. మీ రిపోర్టు చూపించి ఆ పొడి ఇంకా అమ్ముతున్నరు."

హాలంతా నా వైపు తిరిగింది. ఎవరో భుజం పట్టుకుని, "సందర్భం కాదమ్మా, కూర్చో," అన్నారు. ఆమె నా దగ్గర వదిలి వెళ్లింది ఆ కోపాన్నే. నేను కూర్చోలేదు.